సముద్రాన్ని తిట్టడం నేర్పినావిడ

ఆవిడ పోయారన్న కబురు షాహీన్ ఫోన్లో చెప్పింది. అప్పుడు నేను సౌదీలో, జుబైల్‌లో మా ఆస్పత్రి ల్యాబులో డ్యూటీలో ఉన్నాను. "అక్కా, టీచర్ పోయిందంట. పొద్దున్నే, రాజమండ్రిలో. గుండె ఆగిపాయనంట" అంది. మళ్ళీ తనే, "ఆ యమ్మను అడక్కుండా ఎట్ల ఆగిందక్కా అది?" అంది. 

నాకు ముందు ఆవిడ మొహం గుర్తుకు రాలేదు. మెడ గుర్తుకొచ్చింది. పొట్టి మనిషి, కాస్త భారీ మనిషి. ఆ ఒంటితో సంబంధం లేనట్టు పొడుగాటి మెడ. ఎవరైనా నచ్చని మాట చెబుతుంటే ఆ మెడ మెల్లగా నిటారు కావడం మొదలయ్యేది. గొంతు పెంచేవారు కాదు, ఉరిమి చూసేవారు కాదు. మెడ లేచేది, అంతే. అది చూడగానే మేం పక్కకు తప్పుకునేవాళ్ళం. ఆ తర్వాత వచ్చేది ఎప్పుడూ ఒకటే మాట: "కుదరదండి."

మేమందరం ఆవిణ్ణి టీచర్ అనే పిలిచాం. నిజానికి ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. భర్త ప్లాంటులో ఇంజనీరు. ఆయన ఇకామా, అంటే నివాస అనుమతి, దాని మీద డిపెండెంటుగా ఈ దేశానికి వచ్చారు. ఆవిడ కార్డులో వృత్తి దగ్గర గృహిణి అని ఉండేది. "నా గురించి ప్రభుత్వం రాసిన అబద్ధం అదొక్కటేనమ్మా, మిగతావన్నీ కరెక్టే" అనేవారు.

ఇన్నేళ్ళున్నా అరబ్బీ పట్టుబడలేదు. పట్టుబడాలని ఆవిడ అనుకోనూ లేదు. ఎవరితోనైనా తెలుగులోనే మాట్లాడేవారు, అదీ పూర్తి వాక్యాల్లో, అవతలివాళ్ళకు అర్థమవుతుందన్న గట్టి నమ్మకంతో. కాంపౌండు గేటు దగ్గర ఒక బంగ్లాదేశీ గార్డు ఉండేవాడు. రోజూ "ఏం బాబూ, భోంచేశావా?" అని అడిగేవారు. కొన్నాళ్ళకు అతను "ఆయ్, తిన్నానండి" అని గోదావరి యాసలో జవాబివ్వడం మొదలుపెట్టాడు. మాది వరంగల్. అంత యాస నాకే రాదు.

నేను మొదటిసారి ఆవిడ ఇంటికి వెళ్ళినప్పుడు నాకు ముప్ఫై దాటాయి. మా ఆస్పత్రిలో ఒక నర్సు బలవంతం చేస్తే వెళ్ళాను. హాల్లో సోఫాలు గోడకు జరిపేసి ఉన్నాయి. ఆవిడ నేలమీద కూర్చుని చెక్కపీట మీద చపాతీ కర్రతో తాళం వేస్తున్నారు. ఆరేడుగురు ఆడవాళ్ళు, అందరూ నాలాంటివాళ్ళే, డ్యూటీలు చేసుకునేవాళ్ళు, వంటలు చేసుకునేవాళ్ళు, చెమటలు కారుతుంటే అడుగులు వేస్తున్నారు.

"నేను ఊరికె చూద్దామని వచ్చిన టీచర్. నాకు డాన్సు రాదు. వయసు కూడ దాటిపోయింది" అన్నాను.

"ఎక్కడికి దాటిపోయిందమ్మాయ్? కాళ్ళు రెండూ ఇక్కడే ఉన్నాయిగా. చెప్పులు విప్పి నిలబడు."

నిలబడ్డాను. అంతే.

ఆ ఇంట్లో ఒక్క నిలువుటద్దం కూడా లేదు. అద్దం ఉంటే మీరు దాన్ని చూస్తారు, నన్ను చూడరు అనేవారు. మెచ్చుకోవడం ఆవిడకు చేతకాదు. అడుగు సరిగ్గా పడితే "ఆఁ, ఉంది" అనేవారు. పడకపోతే "లేదు." ఏది ఉంది, ఏది లేదు అని ఎప్పుడూ వివరించలేదు. ఆ "ఉంది" అనిపించుకోవడం కోసం నేను ల్యాబులో మైక్రోస్కోపు ముందు నిలబడి కూడా మడమలు ఎత్తి దించుతుండేదాన్ని.

ఆ రోజుల్లో ఇక్కడ పాటా ఆటా నాలుగు గోడల మధ్యనే. బయట వినపడకూడదు. దానికితోడు కింది ఫ్లాటులో ఉండే ఆయన నైటు షిఫ్టు చేసి పగలు పడుకునేవాడు. అందుకని తివాచీ మీద, కర్టెన్లు వేసుకుని, గజ్జెలు కట్టకుండా నేర్చుకున్నాం. గజ్జెల్లేని కూచిపూడి ఏమిటని ఒకసారి ఎవరో గొణిగారు.

"మోత గజ్జె పని, అడుగు నీ పని" అన్నారు టీచర్. "ముందు నీ పని కానియ్. దాని పని అది చూసుకుంటుంది."

తర్వాత దేశం మారింది. సినిమా హాళ్ళు తెరిచారు, కచేరీలు మొదలయ్యాయి, ఆడవాళ్ళ చేతికి స్టీరింగు వచ్చింది. బయట వేదికల మీద సంగీతం వినపడిన మొదటి వారంలో ఆవిడ హాలు కర్టెన్లు పీకి ఉతకడానికి వేశారు. మళ్ళీ తగిలించలేదు, మా కాళ్ళకు గజ్జెలు కట్టించారు. కింది ఫ్లాటాయన పైకి వస్తే ఎలాగని భర్త భయపడ్డారు. ఆయన వచ్చాడు కూడా. ఆవిడ అతన్ని కూర్చోబెట్టి పెసరట్టు పెట్టి, గజ్జెలు కట్టుకునే వేళలు చెప్పి, "ఆ టైములో మీరు వాకింగుకి వెళ్ళండి, ఒంటికి మంచిది" అని పంపించారు. అతను వెళ్ళేవాడు.

మా తెలుగు సంఘాల వార్షికోత్సవాల్లో మాకొక పేరుండేది. ఆంటీల డాన్సు. భోజనాలకీ లక్కీ డ్రాకీ మధ్య పెట్టేవాళ్ళు. ఒకసారి జనం ప్లేట్లు పట్టుకుని తింటూ ఉంటే మమ్మల్ని స్టేజి ఎక్కమన్నారు. టీచర్ మెడ లేచింది. అందరూ తిని చేతులు కడుక్కునేదాకా మమ్మల్ని వేషాలతో పక్కన నిలబెట్టారు. కార్యదర్శి వచ్చి చేతులు నలుపుకున్నాడు. ఆవిడ, "పర్లేదండి, నెమ్మదిగా తిననివ్వండి. పొలమారుతుంది" అన్నారు. ఆ రోజు లక్కీ డ్రా రద్దయింది. ఆ తర్వాత రెండేళ్ళు ఆ సంఘం మమ్మల్ని పిలవలేదు. ఆవిడ పట్టించుకోలేదు.

షాహీన్ గురించి చెప్పాలి. కడప అమ్మాయి. భర్తకు జుబైల్‌లో కిరాణా కొట్టు ఉంది. పక్కింటావిణ్ణి దింపడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి చూసి, నెల తిరిగేలోపు మా అందరికంటే ముందు వరసలోకి వెళ్ళిపోయింది. ఆమె అమ్మమ్మ తరఫు వాళ్ళు హైదరాబాదులో ముత్యాలకు బెజ్జం వేసే పనివాళ్ళు. ఒక సాయంత్రం టీ తాగుతుంటే మాటల్లో అంది: "మా తాత చెప్తాన్యాడు టీచర్, పాతకాలం ముత్యాలన్నీ ఈ సముద్రంలోవేనంట. ఈడ మునిగి తీస్తాన్యారంట, ఆడ మావోళ్ళు గుచ్చుతాన్యారంట."

టీచర్ టీ గ్లాసు కింద పెట్టారు. "అంటే మనం వచ్చిన దారిలోనే ముత్యాలు మనకెదురొచ్చాయన్నమాట."

అలా పుట్టింది మా నృత్యనాటకం, 'ముత్యాల దారి.' ఊపిరి బిగపట్టి సముద్రంలోకి దిగే జాలరి, ఒడ్డున ఎదురుచూసే అతని భార్య, సముద్రానికి అవతల హైదరాబాదులో అదే ముత్యాన్ని దారానికి ఎక్కించే ఇంకో ఆడది. దేవుళ్ళు లేరు, రాజులు లేరు. పాటలు ఆవిడే రాసుకున్నారు. ఈ సంగతి విని హైదరాబాదు నుంచి ఆవిడతో పాటు నేర్చుకున్న ఒక నాట్యాచార్యుడు ఫోన్ చేసి, "అరబ్బు జాలరికి కూచిపూడి కడతావుటే?" అని నవ్వాడు. "నీకు కట్టినప్పుడు కూచిపూడికి లేని బాధ అతనికి కడితే ఏంటి?" అని ఆవిడ ఫోను పెట్టేశారు.

అయితే భార్య ఘట్టం ఆవిడకే నచ్చలేదు. "ఎదురుచూడ్డం, ఏడవడం. ఇంతేనా? ఈ ఊళ్ళో ఆడవాళ్ళు ఇంతే చేసుంటారా? లేదు" అని పీట మీద కర్ర విసిరేశారు. పాత ముత్యాల రేవు దారీన్ మాకు దగ్గరే. అప్పటికి షాహీన్‌కి లైసెన్సు వచ్చింది. ఓ శుక్రవారం ముగ్గురం కారేసుకుని వెళ్ళాం.

రేవు దగ్గర కూలిన రాతిగోడల పక్కన, ఒక ఇంటి అరుగు మీద నల్లటి అబాయాలో ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. టీచర్ నేరుగా వెళ్ళి పక్కన చతికిలబడి తెలుగులో మొదలుపెట్టారు. "ఏమ్మా, మీ వాళ్ళు ముత్యాలకు వెళ్తే మీరు ఒడ్డున ఏం చేసేవారు?" షాహీన్ కొట్లో నేర్చుకున్న అరబ్బీలో ఆ మాటే అడిగింది. ముసలమ్మ మమ్మల్ని ఎగాదిగా చూసింది. తర్వాత ఏదో చెప్పింది. షాహీన్ కళ్ళు పెద్దవయ్యాయి.

"తిట్టేవాళ్ళంట టీచర్!"

"ఎవర్ని?"

"సముద్రాన్ని. నెలలు గడిచినా మొగోళ్ళు రాకపోతే ఈ యమ్మ వాళ్ళమ్మ, ఊర్లో ఆడోళ్ళు అందరూ ఒడ్డుకు పోయి, ఈతమట్టలు మండించి సముద్రానికి వాత పెట్టేవాళ్ళంట. సిగ్గు లేదా, భయం లేదా, మావోళ్ళను మాకియ్యి అని."

  టీచర్ లేచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, నీళ్ళ అంచుకు వెళ్ళి, చేతిలో మట్ట ఉన్నట్టు అలల మీదికి విసిరి చూపించారు. ముసలమ్మ నాలుక చప్పరించింది. లా, లా, కాదు కాదు అంటూ చేతికర్ర ఊతంగా లేచి వచ్చింది. టీచర్ నడుం మీద ఒక్కటి చరిచి, తనే ముందుకు వంగి, కర్రను నీళ్ళలోకి గుచ్చి, పిల్లాణ్ణి కోప్పడినట్టు ఏదో గట్టిగా అరిచింది. విసరడం కాదు, గుచ్చాలి. అదీ తేడా. దూరంగా ఉండి కాదు, దగ్గరికెళ్ళి గుచ్చాలి.

"ఉంది!" అన్నారు టీచర్. అంత గట్టిగా ఆ మాట ఆవిడ నోటి నుంచి మాకెవరికీ ఎప్పుడూ రాలేదు.

తిరుగుదారిలో కారులో ఆవిడ ఒకటే అన్నారు. "ఇన్నేళ్ళు ఎదురుచూసే ఆడదాన్ని తల వంచుకుని ఆడాను. ఎంత తప్పు నేర్పారర్రా మాకు."

రియాద్‌లో దేశమంతటికీ కలిపి ప్రవాసుల కళల పండుగ పెడుతున్నారని తెలిసింది ఆ తర్వాతే. అక్కడ మన సంఘాలన్నిటి తరఫునా తిరిగే పెద్దమనిషి ఒకాయన మా రిహార్సలు చూడటానికి జుబైల్ వచ్చారు. మర్యాదస్తుడే. చివరిదాకా కూర్చున్నారు.

"ఎక్సలెంట్ మేడమ్. కానీ చిన్న సజెషన్. ఈ డైవర్ల స్టోరీ వాళ్ళకి తెలిసిందే కదా, మళ్ళీ మనం చెప్పడమెందుకు? మన ఇండియన్ కలర్ చూపిద్దాం, ఒక ఫాస్ట్ నంబర్. ఇంకోటి, డోంట్ మైండ్, ఫ్రంట్ రోలో రియాద్ నుంచి యంగ్ గర్ల్స్‌ని పెడతాం. మీ లేడీస్ వెనక సపోర్ట్‌గా ఉంటారు. నేషనల్ ఈవెంట్ కాబట్టి బ్యానర్ మాత్రం రియాద్ టీమ్ అని వెళ్తుంది."

మెడ లేచింది. "కుదరదండి."

"ఏది కుదరదు మేడమ్?"

"ఏదీ కుదరదండి. టీ చల్లారిపోతుంది, తాగండి."

ఆయన వెళ్ళాక మేం నీరుగారిపోయాం. అంత పెద్ద వేదిక చేజారిందని కొందరికి టీచర్ మీద కోపం కూడా వచ్చింది. ఆవిడ మాత్రం రిహార్సలు వీడియో తీయించి, షాహీన్‌తో నాలుగు ముక్కలు అరబ్బీలో రాయించి, నేరుగా పండుగ కార్యాలయానికే పంపించారు. మేం తూర్పు తీరం వాళ్ళం, ఇది మీ తీరం కథ, మా పేరుతోనే ఆడతాం అని అందులో ఉంది. చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఒక సౌదీ అధికారిణి షాహీన్‌కి ఫోన్ చేసింది. మొత్తం నాటకం కావాలంది.

సరిగ్గా అప్పుడే టీచర్ భర్త కాంట్రాక్టు అయిపోయింది. కంపెనీ ఇంక పొడిగించలేదు. ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. భర్త ఇకామా పోతే భార్యది ఎక్కడుంటుంది? పండుగకు ముందే దేశం వదలాలి.

మేం వీడ్కోలు సభ పెడతామన్నాం. పెడితే రానన్నారు. విమానాశ్రయంలో భర్త ట్రాలీ తోస్తుంటే వెనక్కి తిరిగి, "మానకండి. నేనొస్తాను. ఈసారి ఎవరి డిపెండెంటుగానూ కాదు" అన్నారు. మాలో ఎవరికీ నమ్మకం కలగలేదు.

రాజమండ్రి నుంచి వీడియో కాల్లో రిహార్సళ్ళు నడిపారు. కుర్చీ మీద ఫోను నిలబెట్టి దానికి ఎదురుగా ఆడేవాళ్ళం. ఆ ఫోనులోంచి "లేదు... లేదు... షాహీన్, నడుం ఎక్కడ పెట్టొచ్చావ్?... లేదు" అని వినపడేది. నెట్‌వర్క్ పోయి బొమ్మ ఆగిపోతే, ఆగిన బొమ్మలో కూడా ఆవిడ అసంతృప్తిగానే ఉండేవారు.

పండుగకు వారం ముందు సొంత పేరుతో విజిట్ వీసా తీసుకుని దమ్మామ్‌లో దిగారు. మోకాళ్ళు బాగా పాడయ్యాయి. వీల్‌చైర్ తెచ్చిన కుర్రాడితో, "సామాను పెట్టుకో నాయనా అందులో" అని, తను నడుచుకుంటూ వచ్చారు. గంటసేపు పట్టింది. మేం బయట నిలబడి అద్దంలోంచి చూస్తూనే ఉన్నాం. ఎవరూ వెళ్ళి చెయ్యి పట్టుకునే సాహసం చెయ్యలేదు.

రియాద్‌లో ఆ సాయంత్రం చలిగాలి కోసేస్తోంది. పెద్ద మైదానం, కుటుంబాలతో కిటకిటలాడుతోంది. టీచర్ వేదిక పక్కన తాళాలు పట్టుకుని కూర్చున్నారు. మేం మా చోట్లలో నిలబడ్డాం. నేను జాలరిని. భుజం మీద వల. దీపాలు వెలిగాయి. అప్పుడు మైకులో వినపడింది, మొదట అరబ్బీలో, తర్వాత ఇంగ్లీషులో: రియాద్ భారతీయ బృందం.

టీచర్ తాళాలు ఒళ్ళో పెట్టుకున్నారు.

సంగీతం లేదు. మేం కదల్లేదు. ఆ పెద్దమనిషి తెర వెనక నుంచి పరుగెత్తుకొచ్చారు. "మేడమ్, స్టార్ట్ చేయండి! లైవ్ వెళ్తోంది!"

"పేరు తప్పు చెప్పారండి."

"తర్వాత కరెక్ట్ చేద్దాం మేడమ్, ప్లీజ్. అందరం ఇండియన్సే కదా!"

"అందరం ఇండియన్లమేనండి. అయినా మీ ఆవిణ్ణి ఇంకొకాయన భార్య అని మైకులో చెబితే తర్వాత దిద్దుకుంటారా?"

జనంలో గుసగుసలు మొదలయ్యాయి. నాకు భుజం మీద వల బరువెక్కిపోయింది. ఇంత కష్టపడి వచ్చి ఆడకుండా దించేస్తారేమో అనుకున్నాను. ఆవిడ మాత్రం మావైపు చూడనే లేదు. ఇంతలో ఆ సౌదీ అధికారిణి ఏమైందని వేదిక దగ్గరికి వచ్చింది. షాహీన్ తన స్థానం వదిలి, గజ్జెలు ఘల్లుమంటుండగా అంచుకు వెళ్ళి, వంగి రెండు మాటలు చెప్పింది. అధికారిణి టీచర్ వైపు చూసింది. తర్వాత మైకు అందుకుని, తనే, స్పష్టంగా, తూర్పు తీరం నృత్యబృందం, జుబైల్ నుంచి అని చెప్పింది.

తాళం పడింది.

జాలరి మునిగాడు. నెలలు గడిచాయి. షాహీన్ ఒడ్డుకు వచ్చింది, తల వంచకుండా. ఆమె వెనక మా ఆడవాళ్ళందరూ, నలభై దాటినవాళ్ళు, నడుం నొప్పులవాళ్ళు, నైటు డ్యూటీ చేసి వచ్చినవాళ్ళు. మండే ఈతమట్టను నడుం వంచి సముద్రంలోకి గుచ్చి షాహీన్ నిలదీసింది. నేను అప్పుడు నీళ్ళ అడుగున ఉండాలి, కదలకూడదు, వేదిక మీద వెల్లకిలా పడుకుని ఉన్నాను. మైదానం ఏ మూల నుంచో ఒక స్త్రీ గొంతు సన్నగా, పొడుగ్గా, ఇక్కడి ఆడవాళ్ళు పెళ్ళిళ్ళలో పెట్టే కేరింత పెట్టింది. దానికి ఇంకొకటి తోడైంది. ఆ తర్వాత ఎన్ని గొంతులో తెలియదు. కళ్ళు మూసుకుని విన్నాను. మా టీచర్ తాళం ఒక్క క్షణం తడబడింది. నాకు తెలిసి అది ఒక్కసారే.

ఆ ఏడాది జిద్దా పిలిచింది, అబ్హా పిలిచింది. టీవీలో చూపించారు. ఆంటీల డాన్సు అన్నవాళ్ళే మాతో ఫోటోలు దిగారు. టీచర్ వీసా ఉన్నన్నాళ్ళూ ఉండి, వెళ్ళి, మళ్ళీ వచ్చారు. పొగిడితే వినేవారు కాదు. "రెండో అంకం ఇంకా లేదు" అనేవారు.

హైదరాబాదు నుంచి కూడా ఒక పెద్ద నాట్యోత్సవం వాళ్ళు పిలిచారు. ఒక్కటే షరతు. సముద్రాన్ని తిట్టే ఘట్టం తీసెయ్యాలి. సముద్రుడు దేవుడట, అశుభమట. ఆవిడ వెంటనే కుదరదండి అని చెప్పేశారు. నేను ఉండబట్టలేక, "మనోళ్ళ ముందు ఆడుకోవద్దా టీచర్? ఒక్క ఘట్టమే కద" అన్నాను.

"ఆ ఒక్క ఘట్టంలో దారీన్ ముసలమ్మ ఉందమ్మాయ్. ఆవిణ్ణి మెడపట్టి గెంటేసి, ఆ చోట్లో నేను చప్పట్లు కొట్టించుకోనా?"

అలా తెలుగు నేల మీద 'ముత్యాల దారి' ఆడకుండానే ఆవిడ పోయారు. దాన్ని వెలితి అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ షరతుకు ఒప్పుకుని ఉంటే ఆవిడ ఇంకెవరో అయి ఉండేవారు.

ఆవిడ పోయిన నెల రోజులకు ఆ నాట్యోత్సవం నిర్వాహకుల్లో ఒకాయన మళ్ళీ ఫోన్ చేశారు. ఇప్పుడు బృందాన్ని నడిపేది షాహీన్. రిహార్సలు మధ్యలో స్పీకరు పెట్టి మాట్లాడింది. మేమందరం చుట్టూ ఉన్నాం. ఆయన గొంతు తగ్గించి చెబుతున్నారు. ఏమీ తీసెయ్యక్కర్లేదట. మొత్తం ఆడవచ్చట. గురువుగారికి నివాళి అని వేస్తారట. వేదిక మీద ఆవిడ ఫోటోకు దండ, పక్కన దీపం, మేమంతా తెల్లచీరలు. ఆ తిట్టే ఘట్టాన్ని కొంచెం మెల్లగా, శోకంగా చేస్తే హాలంతా కన్నీళ్ళు పెట్టుకుంటుందట.

షాహీన్ నుదుటి చెమట తుడుచుకుంది. కాస్త వంగి ఫోనుకు దగ్గరగా వచ్చింది.

"తెల్లచీరలొద్దు సార్, దండా వద్దు. మేం ఏడ్చేదానికి రావడంల్యా, ఆడేదానికి వస్తాండాం."